నీడింటి నూకాలత్త

నీడింటి తలుపు ఎవరూ కొట్టరు. దగ్గుతారు. దగ్గి, లోపలి నుంచి మా నూకాలత్త "ఊఁ" అనేదాకా గుమ్మంలో నిలబడతారు. ఆలోగా ఆమె మంచం మీంచి లేచి లోపలి తెర దించుకుంటుంది. అప్పుడు బయటి తలుపు తీసి, వెనకే మూసి, మధ్యనున్న చీకటి నడవ దాటి, తెర తప్పించుకుని వెళ్ళాలి. ఈ పద్ధతి మా పరిశోధనశాల వాళ్ళు పెట్టింది కాదు. వాళ్ళు ఒక గంట బిగించారు. అది బడిగంటలా ఉందనీ, చిన్నప్పుడే గంటకి లేవనిదాన్ని ఇప్పుడు లేవలేననీ చెప్పి అత్త దాన్ని పీకించేసింది.

ఆ పొద్దున్న నేను దగ్గాను.

"ఎవుర్రా?"

"నేనత్తా, పైడిని."

"ఒచ్చీ. ఈటాగాడు ఒచ్చేడేటి?"

కిటికీలకు ఎర్రటి కాగితం అతికించి ఉండడం వల్ల గదంతా దానిమ్మ గింజ లోపలిలా ఉంది. అత్త మంచం మీద కాళ్ళు చాపుకుని, వల అల్లుతోంది. నేను సంచీ దించుకుని పక్కన కూర్చున్నాను.

"ఇంకా రాలేదత్తా."

"ఈడు నా సిన్నల్లుడికన్నా మొండోడులాగున్నాడే. కబురెట్టినా రాడు, కోడిని కోసేమన్నా రాడు." చేయి చాపింది. "తియ్యి, ఈ వారం తోలు ఎక్కడ కావాలో."

నేను ఆమె ముంజేతి మీద మందు రాసి, ఆవగింజంత చర్మం తీసి సీసాలో వేశాను. అత్త వల వంకే చూస్తోంది. బయట ఉప్పుమడుల్లో పాట వినిపిస్తోంది. పుష్యమాసం. మడుల అడుగు తొక్కే రోజులు. వానల్లో మెత్తబడిన మట్టిని ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి కాళ్ళతో తొక్కి, సిమెంటు నేలలా గట్టిపరిస్తేగాని అందులో తెల్లటి ఉప్పు పండదు. ఆ వరసలో ముందు నిలబడి పాట ఎత్తుకునేది ఇన్నేళ్ళూ మా అత్తే. ఇప్పుడు ఎవరో చిన్నపిల్ల ఎత్తుకుంది. మధ్యలో రాగం జారిపోయింది.

"అదిగో, దిబ్బయిపోనాది," అంది అత్త, వల మీంచి తల ఎత్తకుండా.

*

ఈటా మనిషి కాదు. ఒక ఎంజైమ్.

మన ఒంట్లోని కణం రెండయ్యే ముందు తన డీఎన్ఏ మొత్తాన్ని ఒకసారి చూచిరాత రాసుకుంటుంది. రాసిపెట్టేవి పాలిమరేజ్‌లనే ఎంజైములు. వాటిలో ముఖ్యమైనవి గుండ్రటి దస్తూరీ గలవి. తప్పు పోనివ్వవు. కానీ ఎండ తగిలి డీఎన్ఏలో రెండక్షరాలు ఒకదానికొకటి అంటుకుపోయిన చోట అవి ఆగిపోతాయి. అప్పుడు ఈటా వస్తుంది. దానిది గిలుకుడు రాత. అయితేనేం, అంటుకుపోయిన చోటును దాటించి వెళ్ళిపోతుంది. అది లేని చర్మానికి ఎండ పడదు. ముందు మచ్చలు, తర్వాత పుళ్ళు, ఆ తర్వాత కాన్సర్.

అదే ఈటాకు మంచి కాగితం ఇస్తే తప్పుల మీద తప్పులు రాస్తుంది. చిత్రమేమిటంటే మన ఒంటికి ఆ తప్పులూ కావాలి. కొత్త జబ్బు ఒంట్లోకి వచ్చినప్పుడు, దాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేసే కణాలు తమ జన్యువులో ఆ ఒక్క పేజీని కావాలని పాడుచేసుకుని, ఈటాను పిలిచి మళ్ళీ రాయిస్తాయి. పుట్టిన తప్పుల్లో చాలావరకు ఎందుకూ పనికిరావు. ఏదో ఒకటి మాత్రం క్రిమిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది. ఒళ్ళు దాన్ని ఉంచుకుని మిగతావాటిని వదిలేస్తుంది. మళ్ళీ రాయిస్తుంది. మళ్ళీ ఏరుకుంటుంది.

ఇదంతా మొదటిసారి చెప్పినప్పుడు అత్త నన్ను అనుమానంగా చూసింది.

"తప్పులు రాసేవోడిని జీతమిచ్చి ఎట్టుకుంటారేటే?"

"ఆ తప్పుల్లోంచి మంచిది ఏరుకుంటారత్తా."

"అలగైతే మీ మావనీ తీసుకెల్లండి. రోజల్లా తప్పులే సేస్తాడు. ఏరుకునేవోలే నేరు."

గుమ్మంలో గురువులు మావ చుట్ట కాల్చుకుంటున్నాడు. నోట్లో చుట్ట ఇటు నుంచి అటు మారింది.

*

మా తీరం వెంట పిల్లలకు మడజ్వరం రావడం మొదలై కొన్నేళ్ళయింది. మడ అడవుల్లోని దోమ మోసుకొచ్చే ఈ జ్వరం ఏటా రూపు మార్చుకుంటుంది. కిందటేటి మందు ఈ ఏటికి పనిచేయదు. అత్త మనవరాలు గున్నమ్మ దాన్నుంచి బతికి బయటపడింది గాని ఎడమ చెవి వినికిడి పోయింది. దాన్ని పిలవాలంటే కుడివైపుకు వెళ్ళి పిలవాలి.

నేను పనిచేసే పరిశోధనశాల నగరంలో సముద్రానికి ఎదురుగా ఒక గుట్ట మీద ఉంది. దాని పెద్ద డాక్టర్ కృపావతి. ఆమె కనిపెట్టినదాన్ని మేము మళ్ళింపు మందు అంటాం. ఉప్పుమడి గట్టు తెగ్గొట్టి నీళ్ళను పక్కమడికి పంపినట్టు, అది ఒంట్లో ఉన్న ఈటానంతా యాంటీబాడీ కణాల వైపు మళ్ళిస్తుంది. ఆ ఏటి క్రిమిని చంపి, దాన్ని మనిషికి సూదితో ఎక్కించి, వెంటనే మళ్ళింపు మందు ఇస్తే, ఒళ్ళు ఎన్నో నెలలు పట్టే ఏరివేతను కొన్ని వారాల్లో చేసేస్తుంది. అందులో అన్నిటికన్నా గట్టి పట్టున్న కణాన్ని మేము వెతికి పట్టుకుని, జాడీల్లో పెంచి, దాని యాంటీబాడీని మందుగా తీస్తాం.

ఆ వారాల్లో చర్మంలో ఈటా ఉండదు. అది తిరిగొచ్చేదాకా ఆ మనిషి నీడలో ఉండాలి.

మొదట ఆ మందును డాక్టర్‌గారు తన మీదే వేసుకున్నారు. యాంటీబాడీ దొరికింది. ఈటా తిరిగి రాలేదు. నాలుగేళ్ళుగా ఆమె ఆ గుట్ట మీదే, నల్ల తెరల గదిలో ఉంటున్నారు. నడవలోకి రావాలంటే చేతులకు తొడుగులు, ముఖానికి ముసుగు. ఒకసారి తెర పక్కకు జరిగి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత ఎండ పడింది. ఆ చోటు మానడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ అక్కడ నల్లటి మచ్చ ఉంది.

"సముద్రం రంగు ఇవాళ ఎలా ఉంది పైడితల్లీ?" అని పొద్దున్న నేను రాగానే అడిగేవారు. ఊళ్ళో చదువుకుని, పెద్దగా మాట్లాడడం రాని నాకు, ఆ ఉద్యోగంలో మొదట అలవాటైన పని అది. దారిలో ఆగి సముద్రాన్ని చూసి, ఆమెకు చెప్పడం.

మోతాదు ఎక్కువ కావడం వల్లే ఈటా రాలేదని ఆమె అనుకున్నారు. చిన్న మోతాదు ఇచ్చిన ఎలుకల్లో అది తిరిగొచ్చింది. అందుకని రెండోసారి చిన్న మోతాదు. జ్వరం ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళు కావాలి, కొన్ని నెలలు ఎండ లేకుండా ఉండగలిగినవాళ్ళు కావాలి.

అత్తకు జ్వరం వచ్చి తగ్గింది. వానాకాలమంతా ఉప్పుమడులకు పని లేదు. డాక్టర్‌గారు ఫోన్లో ఆమెతో స్వయంగా మాట్లాడారు. తన గది గురించి, తెరల గురించి, మణికట్టు గురించి దాచకుండా చెప్పారు.

"మీకు తిరిగి రాకపోవచ్చు కూడానమ్మా. నాకు రాలేదు."

"తవరు సదూకున్నోరు, తవరికే రానిది నాకొస్తాదని నానెలగ సెప్తాను," అంది అత్త. "మా గుంట సెవి పోనాది. ఇంకో గుంట సెవి పోకుండా ఉంటాదంటే ఒక వానాకాలం తొంగోలేనేటి? ఉప్పుకాలానికి మాత్రం నన్నొగ్గీయాల."

ఊరి చివర, మడులకు ఎదురుగా, పాత ఉప్పుకొట్టును బాగుచేసి నీడిల్లు కట్టారు.

*

ఆశ్వయుజంలో అత్త రక్తం గుట్ట మీదికి వచ్చింది. కణాలను ఒక్కొక్కటిగా విడదీసి వాటి యాంటీబాడీ పేజీని చదివే పని నాది. కంప్యూటర్ తెర మీద అక్షరాల వరసలు. పైన అసలు పేజీ, కింద అత్త కణం రాసుకున్నది. తేడా ఉన్న చోట చుక్క. మామూలుగా చుక్కలు అక్కడొకటీ ఇక్కడొకటీ ఉంటాయి. అత్తవి చూస్తే విత్తనాలు చల్లినట్టున్నాయి.

ఒక కణాన్ని క్రిమి మీద పెట్టి చూశాం. కడిగాం. మళ్ళీ కడిగాం. వదల్లేదు.

"మీ అత్తగారిది గట్టి పట్టు," అన్నారు డాక్టర్‌గారు, సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండానే. గొంతులో నవ్వుంది.

ఆ ఏడు మందు మా ఊరి వైపున్న ఆసుపత్రులకు ముందు వచ్చింది. జ్వరంతో పడుకున్న పిల్లలు లేచి గంజి అడిగారు. ఒక్కరి చెవీ పోలేదు. ఆ మాట చెప్పడానికి నేను నీడింటికి వచ్చి దగ్గితే, అత్త విని, వల పక్కన పెట్టింది.

"ఇన్నాల్లూ ఊరంతా నా ఉప్పే తిన్నారు," అంది. "ఇప్పుడు నా రగతం కూడా ఒగ్గనేదు." అని, "ఆలకి సెప్పు, ఉప్పు ధర ఎలాగూ పెంచరు, కూసింత మర్యాదైనా పెంచమని," అని నవ్వింది.

అంతా బాగానే ఉంది. ఈటా మాత్రం రాలేదు. కార్తీకం వెళ్ళింది, మార్గశిరం వెళ్ళింది. నేను వారం వారం వచ్చి చర్మం తీసుకెళ్తున్నాను. పుష్యమాసం వచ్చేసింది. మడులు తొక్కుతున్నారు.

ఒళ్ళంతా కప్పుకుని మడిలోకి దిగొచ్చు కదా అని మావ అడిగాడు. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని పనిచేసే ఆడవాళ్ళే మా ఊరినిండా. కానీ ఉప్పుమడిలో ఎండ పైనుంచి ఒక్కటే కొట్టదు. నీళ్ళ మీంచీ తెల్లటి ఉప్పు మీంచీ కిందినుంచి ఎగదంతుంది. చొక్కా లోపలికి, తలగుడ్డ కిందికి వస్తుంది. వద్దన్నాను.

మొదటి ఉప్పు తీసినరోజు మావ దోసెడు తెచ్చి అత్త ముందు పోశాడు. అత్త ఎర్రటి వెలుగులో దాన్ని వేళ్ళ మధ్య నలిపి, నాలిక మీద వేసుకుంది.

"సేదుగున్నాది. మడిలో సేదునీలు ఆలీసంగా ఒగ్గీసినావు."

"ఒగ్గనేదే."

"ఒగ్గినావు. నీకు కునుకొచ్చుంటాది."

మావ మిగిలిన ఉప్పు దోసిట్లోకి ఎత్తుకున్నాడు. బయటికి వచ్చాక నాతో మెల్లగా అన్నాడు, "నిజంగానే కునుకొచ్చిందే. ఆవిడి నేకపోతే మడి కాడ నన్ను తిట్టి లేపీవోలెవరే?" నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ఎప్పుడొస్తాదో సెప్పు పైడీ. ఒస్తాదో రాదో అదైనా సెప్పు."

నేను సీసాల సంచీ భుజాన వేసుకున్నాను.

*

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం ఊళ్ళో సగంమంది పక్కూరి పెళ్ళికి వెళ్ళారు. గట్ల మీద ఉప్పు కుప్పలు పోసి ఉంది. నేను నీడింటి అరుగు మీద సీసాలు సర్దుకుంటున్నాను. సముద్రం వైపు నుంచి చల్లగాలి వచ్చింది. మడి మధ్యలో ఉన్న మావ తల ఎత్తి చూసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"మొయిలూ!"

మా ఊళ్ళో ఆ మబ్బు కేక వింటే ఎవరి మడి, ఎవరి కుప్ప అని అడగరు. ఎవరు ఎక్కడుంటే అక్కడి కుప్ప దగ్గరికి పరిగెత్తి కప్పుతారు. పగవాడిదైనా సరే, అన్నం ముందు కూర్చున్నా సరే. వాన పడితే కుప్ప కరిగి కాలువలో పోతుంది. నెలల పని.

నీడింట్లోకి వెళ్ళేవాళ్ళు దగ్గాలి గాని, అందులోంచి బయటికి వచ్చేవాళ్ళకు ఏ పద్ధతీ లేదు. తెర, నడవ, తలుపు అన్నీ ఒక్కసారే తెరుచుకున్నట్టు, అత్త నా పక్కనుంచి దూసుకుపోయింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. చేతులు మోచేతుల పైదాకా ఖాళీగా ఉన్నాయి.

"అత్తా! ఎండత్తా!" అని వెంటపడ్డాను.

"ఏదే ఎండ?" పరిగెడుతూనే అంది. "మడి ఆరతందేటి? మడి ఆరనప్పుడు అది ఎండెలగవుద్ది?"

ఆకాశమంతా బూడిద రంగు. నీడలు లేవు. ఆమె పుట్టిన దగ్గర్నుంచీ ఎండంటే నీళ్ళను ఉప్పు చేసేది. ఉప్పు చేయలేని వెలుతురు ఆమె లెక్కలో ఎండ కాదు. మబ్బులోంచి కూడా చర్మాన్ని కాల్చే కిరణాలు వస్తాయని నాకు తెలుసు. ఆ సంగతి ఆమెతో ఎప్పుడూ చెప్పలేదు. ఎండలోకి రావద్దు అనే మేమంతా చెప్పాం. అప్పటికి ఆమె ఒక టార్పాలిన్ కొస పట్టుకుని కుప్ప అవతలికి వెళ్ళిపోయింది. రెండో కొస గాలికి కొట్టుకుంటోంది. నేను పట్టుకున్నాను. పట్టుకున్నాక కప్పడం అయ్యేదాకా వదలడం మా ఊరివాళ్ళకు చేతకాదు.

కుప్ప తర్వాత కుప్ప. మావ ఆ చివర, మేము ఈ చివర. అత్త మావను పేరుపెట్టి తిడుతోంది, నన్ను తొందరపెడుతోంది, మధ్యలో ఎందుకో నవ్వుతోంది. చివరి కుప్ప మీద రాళ్ళు పెట్టేసరికి పెద్ద చినుకులు మొదలయ్యాయి. అత్త వానలో ముఖం పైకెత్తి నిలబడింది. నేను రెక్క పట్టుకుని నీడింటికి లాక్కొచ్చాను.

*

మర్నాటికి ఆమె ముంజేతులు, మెడ వెనకభాగం ఎర్రగా కందిపోయాయి. అక్కడక్కడ బొబ్బలు లేచాయి. నేను ముంజేతి నుంచి చర్మం తీశాను. పోల్చి చూడడానికి చీర కింద ఉన్న వీపు నుంచి కూడా తీశాను. డాక్టర్‌గారికి ఫోన్ చేశాను.

నల్ల అద్దాల కారులో ఆమె ఆ సాయంత్రమే వచ్చారు. నాలుగేళ్ళలో గుట్ట దిగడం అదే మొదటిసారి. గొడుగు కింద, ముసుగుతో అరుగు ఎక్కి, తలుపు కొట్టబోయి ఆగారు. నా వైపు చూశారు. ఫోన్లో ఈ పద్ధతి గురించి నేనే చెప్పాను. ఆమె దగ్గారు.

"ఊఁ. ఒచ్చీండి," అంది అత్త లోపల్నుంచి.

ఎర్రటి గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. డాక్టర్‌గారు అత్త చేతిని తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఎంతసేపున్నారమ్మా బయట?"

"కుప్పలు కప్పినంతసేపు."

"మంట ఉందా?"

"ఉంటాది. తవరి మొహమేటి అలగున్నాది? కాలింది నాకు కదా." అత్త ఆమె మణికట్టు మీది మచ్చను వేలితో తాకింది. "ఇదేటి తవరిది?"

"ఆ. ఇదే."

"బగమంతుడు నాకు బోల్డంత ఇచ్చి, తవరికి కూసింతే ఇచ్చేడు."

డాక్టర్‌గారు నవ్వలేదు. ఆమె దేనికి భయపడుతున్నారో నాకు తెలుసు. ఈటా లేని ఎలుకలను ఒకప్పుడు నడి ఎండలో పెట్టి చూశారు. ఒక్కటీ బతకలేదు.

ఆ రెండు సీసాలూ తీసుకుని ఆమె వెనక్కి వెళ్ళారు. పరీక్షకు కొన్నాళ్ళు పడుతుంది. నేను ఊళ్ళోనే ఉండిపోయాను. అత్త చేతులు చూడడం తప్ప నాకు వేరే పని లేదు. అందుకని చూశాను, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. డాక్టర్‌గారి మణికట్టు నెలల తరబడి మానకపోవడం నేను దగ్గరుండి చూసినదాన్ని. అత్త చేతి ఎరుపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తోంది. బొబ్బలు అణిగాయి. మామూలుగా ఎండకు కందిన మనిషి చేయి ఎలా మానుతుందో అలాగే మానుతోంది. మోచేతి దగ్గర ఒక్క చోట మాత్రం మానలేదు.

డాక్టర్‌గారు నన్ను గుట్టకు రమ్మన్నారు.

*

"నువ్వు చూడు. నేనేమీ చెప్పను," అన్నారు.

ఈటా ఉన్న కణాలు ఆకుపచ్చగా మెరిసేలా రంగు వేస్తాం. ముందు వీపు నుంచి తీసిన చర్మం. అంతా చీకటి. తర్వాత ముంజేతిది. మడి గట్టు మీద వెలిగించిన దీపాల్లా కణాలన్నీ మెరుస్తున్నాయి.

"వీపుది ఇంకోసారి చూడు."

చూశాను. చీకటే.

డాక్టర్‌గారు కుర్చీలో వెనక్కి వాలారు. తొడుగుల చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"మందు ఎప్పుడో ఒంట్లోంచి పోయింది. చర్మమే దాన్ని తయారుచేయడం మానుకుంది," అన్నారు మెల్లగా. "పని లేకపోతే ఎందుకు తయారుచేస్తుంది? నడి ఎండ పడితే పిలిచే వ్యవధి లేదు, కణం ముందే చస్తుంది. చీకట్లో ఉంటే పిలవాల్సిన అవసరమే లేదు. మబ్బు పట్టిన వెలుతురు పిలవడానికి చాలినంత, చంపడానికి చాలనంత..." ఆగారు. "నాలుగేళ్ళ నుంచి నేను తెరలు సరిగా మూశారా లేదా అని చూసుకుంటున్నాను పైడితల్లీ. దాన్ని రావద్దని చెబుతూ కూర్చున్నాను."

"కానీ మేడమ్, చిన్న మోతాదు ఎలుకల్లో తిరిగొచ్చింది కదా."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ ఎలుకలుండే గది వేరు. పెద్ద మోతాదు ఎలుకలున్న చీకటిగదిలో చోటు చాలక, వీటిని వెనకవైపు పాత గదిలో పెట్టారు. నేను లేచి అక్కడికి వెళ్ళాను. గోడ పైన గాలి కోసం వదిలిన జాలీ ఉంది. దానిలోంచి మధ్యాహ్నపు వెలుతురు పలచగా, పక్క గోడ మీద పడి, అక్కడ్నుంచి బోనుల మీద పడుతోంది. మోతాదుకూ ఈటా తిరిగి రావడానికీ ఏ సంబంధమూ లేదు.

తిరిగొచ్చి ఆ మాట చెప్పాను. డాక్టర్‌గారు చాలాసేపు నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. తొడుగు తడిసింది.

*

అత్త మోచేతి దగ్గర మానని చోటును ఆసుపత్రిలో కోసి తీసేశారు. అది చెడుగా మారబోయే మచ్చేనని పరీక్షలో తేలింది. అక్కడ ఇప్పుడు బొటనవేలంత గుంట ఉంది. ఆమె బతికినంతకాలం నెలకోసారి ఎవరో ఒకరు భూతద్దంతో ఆమె ఒళ్ళంతా వెతకాలి. ఆ ఎవరో ఒకరు నేనే. "పేలు సూసినట్టు సూస్తాదిది," అని అందరికీ చెబుతుంది.

మిగతా ఒళ్ళంతా కొంచెం కొంచెంగా వెలుతురుకు చూపించాం. మబ్బు పట్టిన పూటలు, పొద్దెక్కని వేళలు. పొదుపుగా, కొలిచి. ఆ ఏటి ఉప్పుకాలం అలాగే గడిచిపోయింది. వానలు వచ్చాయి. అదే పద్ధతిలో గుట్ట మీద డాక్టర్‌గారి తెరలు కూడా ఒక్కొక్క వేలెడంత జరిగాయి. సముద్రం రంగు నన్ను అడగడం ఆమె మానేశారు. కిటికీ దగ్గర నిలబడి తనే నాకు చెప్పడం మొదలుపెట్టారు. ఆ ఏటి జ్వరం మందు కోసం ఇంకొకరు నీడింట్లోకి వెళ్ళి, వానలు వెలిసేసరికి బయటికొచ్చేశారు.

మళ్ళీ పుష్యం వచ్చింది. మడులు తొక్కే రోజు పొద్దున్నే డాక్టర్‌గారు మా ఊరికి వచ్చారు. మంచు ఇంకా వీడలేదు. వెలుతురు పాలనీళ్ళలా ఉంది. ఎంతసేపు ఉండవచ్చో ఆమే లెక్కవేసి నాకు చెప్పారు. చేతిగడియారం నాకిచ్చారు. సమయం కాగానే తనను పిలవమన్నారు.

వరస ముందు చీర మీద మావ చొక్కా తొడుక్కుని అత్త నిలబడి ఉంది. డాక్టర్‌గారు గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

"సూడ్డానికొచ్చేరేటి?" అంది అత్త. "సెప్పులిప్పి దిగండి."

"నాకు రాదమ్మా."

"రాకపోతే తప్పులు తొక్కండి. ఎనక ఈడున్నాడు, సరిసేస్తాడు." వెనకున్న మావ ఈసారి నవ్వాడు.

డాక్టర్‌గారు తొడుగులు తీశారు. ముసుగు తీసి నా చేతికిచ్చారు. అయిదేళ్ళుగా వెలుతురు చూడని పాదాలు, సున్నంలా తెల్లగా, చల్లటి మట్టిలో దిగబడ్డాయి. అత్త పాట ఎత్తుకుంది. వరస కదిలింది. ఒక అడుగు కుడికి, ఒక అడుగు ఎడమకు, మడమతో నొక్కి. డాక్టర్‌గారు కుడికి వెళ్ళాల్సినప్పుడు ఎడమకు వెళ్ళి గున్నమ్మను గుద్దుకున్నారు. అది కిసుక్కున నవ్వింది. ఆమె కూడా నవ్వి దాని కుడివైపుకు మారారు. ఆ చివరిదాకా వెళ్ళి, తిరిగి, మళ్ళీ ఇటు వస్తున్నారు. మంచు పలచబడుతోంది. మడిలో తడి మెరవడం మొదలైంది.

గడియారం చూశాను. సమయం అయింది.

పిలవడానికి నోరు రాలేదు. గట్టు మీద నిలబడి దగ్గాను.

డాక్టర్‌గారికి వినిపించింది. భుజాలు ఒక్కక్షణం ఆగడం చూశాను. కానీ తల తిప్పలేదు. అడుగు కుడికి వేశారు, ఈసారి సరిగానే.

నేను మళ్ళీ, ఇంకాస్త గట్టిగా దగ్గాను.

అత్త పాట ఆపకుండానే నా వైపు చూసింది. చరణం పూర్తిచేసి, ఊపిరి తీసుకుని అంది.

"మంచు పడనేదేటే నీకు? ఎల్లి మిరియాల కసాయం తాగు. మేం ఈ వరస అయ్యాకొస్తాం."